మా ఆయన పేరు మీద దానమిచ్చిన కారు

మా బావగారికి దానం చేయడమంటే మహా ఇష్టం. ఇచ్చే వస్తువు ఎవరిదన్న పట్టింపు మాత్రం లేదు.

బావగారంటే మా ఆయనకు సొంత అన్న. సిద్దిపేటలో ఎరువుల దుకాణం ఉంది, కొంచెం పలుకుబడి ఉంది, ఆ పలుకుబడికి సరిపోయేన్ని ఫ్లెక్సీలు ఉన్నాయి. చలివేంద్రం పెట్టినా, బడిపిల్లలకు పలకలు పంచినా ఫ్లెక్సీ మధ్యలో ఆయన రెండు చేతులూ జోడించి నిలబడి ఉంటాడు. మా ఆయన ఏ ఫ్లెక్సీలోనూ కనిపించినవాడు కాదు. కాలిపోయిన బోరు మోటర్లు విప్పి, మళ్ళీ రాగి తీగ చుట్టి ఇచ్చే చిన్న దుకాణం ఆయనది. ఫ్లెక్సీ ఎక్కడానికి ఆయన చచ్చిపోవలసి వచ్చింది.

కారు సంగతి చెప్పాలి. హైదరాబాదులో ఒకాయన వాడి అమ్మేసిన కరెంటు కారు అది. పెట్రోలు పోసే పని లేదు, ఇంట్లో ప్లగ్గు పెడితే పొద్దుటికి నిండిపోతుంది. కొన్న రోజు మా ఆయన బానెట్ తెరిచి, కొత్త కోడలిని చూసినట్టు చాలాసేపు చూశాడు.

"బతుకంత కాలిపోయిన మోటర్లే చూసిన. ఒక్క మంచి మోటరు మీద కూసొని తిరుగాలె" అన్నాడు.

తిరగాలని ఉంది కానీ స్టీరింగు పట్టుకుంటే ఆయనకు చేతులు వణికేవి. నేర్చుకుంటానని వెళ్ళి ఎదురింటి గేటుకు తగిలించి, దిగి, తాళం నా చేతిలో పెట్టాడు. నేను నేర్చుకున్నాను. దానికి గేర్లు మార్చే తతంగం లేదు కాబట్టి తొందరగానే వచ్చేసింది.

అప్పటికే నేను ఇంట్లో సకినాలు చేసి అమ్మేదాన్ని. కారు వచ్చాక వర్గల్ గుడి ముందు దుకాణాలకూ, ములుగు దగ్గర రహదారి మీద ఉన్న హోటలుకూ నేనే తీసుకెళ్ళి ఇవ్వడం మొదలుపెట్టాను. సకినం బియ్యప్పిండి చుట్ట. వేయించాక గట్టిగా ఊదితే విరిగేలా ఉంటుంది. వెనక సీటు మడిచి, డబ్బాల కింద బొంత పరిచి, నెమ్మదిగా నడిపితే చేసినవి చేసినట్టే చేరేవి. మాకు పిల్లలు లేరు. ఆ డబ్బాలు, ఆ కారు, పక్క సీట్లో కూర్చుని దారిపొడుగునా కబుర్లు చెప్పే మా ఆయన, ఇదే నా సంసారం. నాకు ఏ లోటూ అనిపించలేదు.

లోటు మా బావగారికి కనిపించింది.

"ఏందిరా, పెండ్లాం బండి తోలుతుంటె నువ్వు పక్కన కూసుంటవా? నలుగురు చూస్తే ఏమనుకుంటరు?" అని ఒకసారి నడిబజారులో తమ్ముణ్ణి నిలదీశాడు.

"ఏసీ గాలి గీ దిక్కే మంచిగ తగులుతది అన్నా" అన్నాడు మా ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బావగారు ఆ నవ్వు మరిచిపోలేదు.

ఒకరోజు నేను నూనె మూకుడు ముందు ఉండగా దుకాణం పక్కాయన ఫోను చేశాడు, మీ ఆయన ఛాతీ పట్టుకుని కూర్చున్నాడని. స్టవ్ ఆపి, కారు తీసుకుని దుకాణానికి వెళ్ళాను. ఆయన తనంతట తానే నడిచి వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. చెమటలు కారిపోతున్నా మాట్లాడుతూనే ఉన్నాడు. దవాఖాన గేటు దగ్గర నా భుజం పట్టుకుని దిగి, కారు వైపు తిరిగి చూసి, "ఇంటికి పోంగనే చార్జింగు పెట్టు, రేపు వర్గల్ పోయేదున్నది" అన్నాడు. లోపలికి తీసుకెళ్ళారు. కాసేపటికి ఒక నర్సు బయటికి వచ్చి, నాతో ఎవరైనా మగవాళ్ళు వచ్చారా అని అడిగింది. నాకు అర్థమైపోయింది.

మా వైపు ఒక ఆచారం ఉంది. మనిషి ఏ మంచం మీద పోతే ఆ మంచాన్ని, కప్పుకున్న దుప్పటిని, ఆయన బట్టల్ని ఇంట్లో ఉంచుకోరు. బయటివాళ్ళకు ఇచ్చేస్తారు. ఇచ్చాక ఆ ఇంటివాళ్ళు వాటిని మళ్ళీ ముట్టుకోరు. ముట్టుకుంటే పోయినవాడు వాళ్ళ వెనకే వస్తాడని భయం. నేను అంతవరకూ ఆ ఆచారాన్ని మంచిదనీ అనుకోలేదు, చెడ్డదనీ అనుకోలేదు. నలుగురూ చేస్తారు, మేమూ చేస్తాం, అంతే.

పదకొండో రోజు పిండప్రదానం అయిపోయి, చుట్టాలంతా విస్తళ్ళ ముందు కూర్చున్నారు. బావగారు తడి పంచెతోనే లేచి నిలబడ్డాడు.

"నా తమ్ముని పానం గా కార్లనే పోయింది. పానం పోయిన మంచం ఇంట్ల ఉంచుకుంటమా? గిది గంతే. వాని పేరు మీద కారును వృద్ధాశ్రమానికి దానమిస్తున్న" అన్నాడు.

తినేవాళ్ళు చేతులు ఆపి, ఎంత మంచి మనసు అన్నారు. కారు నాదని ఒక్కరికీ గుర్తు రాలేదు. నేను గుమ్మం పక్క నుంచి లేచాను.

"కార్ల పోలేదు బావా. దవాఖాన్ల పోయిండు. గేటు కాడ దిగి నాతోని మాట్లాడిండు" అన్నాను. గొంతు పెద్దది చేసే అన్నాను. మళ్ళీ అన్నాను.

"పాపం, దానికింక మనసు కుదురుకోలే" అంది చుట్టాల్లో ఒక ముసలామె. మిగతావాళ్ళు జాలిగా చూసి మళ్ళీ తినడం మొదలుపెట్టారు. అప్పుడు మా అత్తమ్మ గోడకు తల ఆనించి ఏడ్చింది. "నా కొడుకును మింగిన బండి నా కండ్ల ముంగట ఉండొద్దు బిడ్డా" అంది. బావగారు ఎన్ని మాటలన్నా ఎదురు చెప్పేదాన్ని. ఆమె ఏడుపుకు ఏం చెప్పను? తరువాత కాగితం తెచ్చి ముందు పెట్టారు. సంతకం చేశాను.

దానం జరిగిన రోజు చూడాల్సిన సంబరం. అక్కన్నపేట దారిలో ఉంటుంది ఆ ఆశ్రమం. పేరు వద్దు, వాళ్ళ తప్పేమీ లేదు. గేటుకు అడ్డంగా ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో నిలువెత్తు బావగారు, కింద మూలన దండ వేసిన మా ఆయన, ఆయన మీద సగానికి ఎవరిదో పార్టీ గుర్తు. ముఖ్య అతిథి వచ్చేదాకా ఆశ్రమంలోని ముసలివాళ్ళను ఎండలో కుర్చీలేసి కూర్చోబెట్టారు. వాళ్ళలో ఒకాయన, "అన్నం పెడ్తరా, ముచ్చట్లేనా?" అని అడిగితే మేనేజరు ఆయన్ను గదమాయించాడు. ఆ రోజు నిజం మాట్లాడిన మనిషి ఆయనొక్కడే.

కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇక బండి వాటి మీదుగా కదలాలి. కదిలించడం ఒక్కరికీ రాలేదు. స్టార్టు చేస్తే చప్పుడు రాదు కదా, అవ్వలేదనుకుని బావగారు హారన్ మోగిస్తున్నాడు. మేనేజరు నా పక్కకు వచ్చి, "అమ్మా, దీని బ్యాటరీల నీళ్ళు యాడ పోస్తరు?" అని మెల్లగా అడిగాడు. చివరికి నన్నే పిలిచారు. నేను కూర్చుని నిమ్మకాయల మీదుగా నాలుగు అడుగుల దూరం నడిపాను. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇగ దిగమ్మా. గిప్పటిసంది మన ఇంటోళ్ళు దాన్ని ఎక్కద్దు, ముట్టద్దు" అన్నాడు బావగారు, అందరికీ వినపడేలా. దిగాను. నాకూ ఒక శాలువా కప్పారు. ఆ ఎండలో ఆ శాలువా ముళ్ళకంపలా ఉంది.

ఆ తరువాత నేను బస్సుల పాలయ్యాను. రెండు డబ్బాలు ఒళ్ళో, ఒకటి కాళ్ళ మధ్య పెట్టుకుని, రహదారి మీద దిగి ఆటో ఎక్కి వర్గల్ చేరేసరికి డబ్బాల్లో సకినాలు ఉండేవి కావు. పొడీ ముక్కలూ ఉండేవి. "అక్కా, ఇవి సకినాలా, కోళ్ళకేసే నూకలా?" అన్నాడు ఒక దుకాణదారు. పదిమంది ముందు మూత తెరిచి చూపించి మరీ అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, ఆ డబ్బా తీసి వాడి నెత్తి మీద బోర్లించాలనిపించింది. హోటలువాళ్ళు మర్యాదస్తులు, ఏమీ అనకుండా ఇంకొకరి దగ్గర కొనడం మొదలుపెట్టారు. గుడి ముందు ఒక్క దుకాణం మిగిలింది. అదీ పోతే పుట్టింటివాళ్ళ వంటింట్లో మూల చూసుకోవలసిందే. నేను బతికేది దేనిమీదో తెలిసే, ఆ బావగారు నా కాళ్ళు విరగ్గొట్టాడు. కర్రతో కొట్టి ఉంటే కనీసం పంచాయితీ పెట్టేవారు.

ఒకనాడు సిగ్గు చంపుకుని ఆశ్రమానికి వెళ్ళాను. మీ ముసలివాళ్ళను దవాఖానకు నేనే తిప్పుతాను, పొద్దున పూట మాత్రం నా డబ్బాలకు బండి ఇవ్వండి అని అడుగుదామని. ఎక్కద్దు, ముట్టద్దు అన్న మాట నాకేం పట్టలేదు. ఆయన నా వెనక వస్తే నాకు అంతకంటే ఏం కావాలి?

ఆవరణలో కారు లేదు.

"చార్జింగు పెడితే మొత్తం ఆశ్రమానికి కరెంటు పోతుండె అమ్మా. ముసలోళ్ళు ఉక్కకు తాళలేకపోయిన్రు. మీ బావగారికి చెప్తే, పాపం ఆయనే తీసుకపోయిండు" అన్నాడు మేనేజరు. బదులుగా ఏం ఇచ్చాడో కూడా చూపించాడు. హాల్లో కొత్త ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఒక్కొక్క రెక్క మీద బావగారి పేరు ఎర్ర రంగుతో రాయించి ఉంది. ఆగి ఉన్న ఫ్యాను మీదైతే చదువుకోవచ్చు.

ముందునుంచీ ఇదే అనుకున్నాడో, కారు ఊరికే పడి ఉందని తెలిశాక ఆశ పుట్టిందో నాకు తెలియదు. అక్కడినుంచే బావగారికి ఫోను చేశాను.

"ఆశ్రమపోళ్ళ కాడికెళ్ళి తీసుకున్న. చేతులు మారింది, దోషం పోయింది" అన్నాడు, బేరం కుదిరినవాడిలా.

"దోషం పోతే నాకే ఇయ్యిన్రి బావా. కిస్తీల మీద కట్టుకుంట."

"నువ్వు ముడితే మల్ల తగులుతదమ్మా. వాని పానం పోంగ పక్కన ఉన్నదానివి నువ్వే గద" అని ఫోను పెట్టేశాడు.

నేను ఆయన్ను అంతవరకూ కోపంతో చూశాను. ఆ క్షణం నుంచి అసహ్యం మొదలైంది.

తరువాత చలికాలంలో ఒక మంచిరోజున వర్గల్ గుడిలో అక్షరాభ్యాసాలు చాలా ఉన్నాయి. జనం ఎక్కువ వస్తారని మిగిలిన ఆ ఒక్క దుకాణానికి డబ్బాలు తీసుకెళ్ళాను. ఆటో దిగుతుంటే గుట్ట కింద మా కారు కనిపించింది. బానెట్ మీద బంతిపూల దండ. డ్రైవరు సీట్లో బావగారి కొడుకు, వెనక బావగారు, కోడలు. ముందు సీట్లో బావగారి భార్య, అంటే నా యారాలు, ఒళ్ళో మనవరాలిని పెట్టుకుని కూర్చుంది. పాపకు మూడేళ్ళు. ఆ రోజు దానికే అక్షరాభ్యాసం. నాకు చెప్పలేదు. శుభకార్యం కదా, నేను రాకూడదు.

"చిన్న నానమ్మా!" అని పాప కిటికీలోంచి పలక ఊపింది. దాని మీద బలపంతో రాయించిన ఓంకారం ఉంది.

యారాలు నన్ను చూసి తల వంచుకుంది. ఆ ఇంట్లో నాతో మంచిగా ఉన్న మనిషి ఆమె ఒక్కతే. బావగారికి తెలియకుండా కూర గిన్నె పంపిన రోజులున్నాయి. అది నాకు గుర్తు లేక కాదు. గుర్తుండగానే డబ్బాలు కింద పెట్టి కిటికీ దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, పాపను గా సీట్ల కూసోపెట్టుకున్నవా?" అన్నాను.

"ఏమైంది చెల్లె?"

"గా సీట్లనే పోయిండక్కా. తల ఎన్కకు ఆనిచ్చి గట్లనే పోయిండు. దవాఖాన్ల పోయిండని నేను అబద్ధం చెప్పిన, కారు పోతదని. బావ చెప్పిందే నిజం." అంతటితో ఆగవచ్చు. ఆగలేదు. "పోయేముంగట పాపనే అడిగిండు. పాప ఏది, పాపను నా దగ్గరికి తీస్కరా అన్నడు."

యారాలు పాపను ఎత్తుకుని, చెప్పులు కారులోనే వదిలేసి దూకినట్టు దిగింది. కోడలు వెనకనుంచి దిగి ఏడుపు అందుకుంది. కొడుకు స్టీరింగు మీదనుంచి చేతులు తీసి, అవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చూశాడు.

"ఏం కూస్తున్నవే? బుద్ధున్నదా?" అని బావగారు నా మీదికి వచ్చాడు.

"మీరే అంటిరి గద బావా, పానం పోయిన మంచం ఇంట్ల ఉంచుకోరని. నేను కొత్తగ ఏమన్నన్న?" అన్నాను, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, చాలా మర్యాదగా.

జనం గుమిగూడారు. ఏమిటని ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. యారాలు నా వైపు తిరిగి, "పిల్లలు లేనిదానివి, నీకేం తెలుస్తదే" అంది. ఎన్నేళ్ళుగానో నా ముందు అనకుండా దాచుకున్న మాట. నాకు తగలలేదు. ఆడవాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు, కొడుకు వాళ్ళ వెనకే ఇంకో ఆటో ఎక్కాడు. బావగారు కారు చుట్టూ తిరిగాడు, తలుపు పట్టుకున్నాడు, వదిలేశాడు. దోషం, చేతులు మారడం, అన్నీ తానే కనిపెట్టిన పెద్దమనిషికి ఆ సీట్లో కూర్చునే ధైర్యం లేకపోయింది. ఎవరినో డ్రైవరును పిలిపించి పంపించి, తాను ఎండలో రహదారి దాకా నడిచాడు. చాలా రోజుల తరువాత ఆ పూట నేను కడుపునిండా అన్నం తిన్నాను. సంతోషంగా ఉందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

ఆ కారును సిద్దిపేటలో కొనేవాడు లేడు. మాట అప్పటికే ఊరంతా తిరిగింది. బావగారి ఇంటి ముందు పరదా కప్పి నిలబెట్టారు. చార్జింగు పెట్టడానికి కూడా దాని దగ్గరికి పోవడం లేదట.

ఏడాది తిరిగి మా ఆయన సంవత్సరీకం వచ్చింది. పెద్దకొడుకు ఇంట్లోనే జరిపించాలని అత్తమ్మ పట్టుబట్టింది కాబట్టి బావగారి ఇంటికి వెళ్ళాను. హాల్లో మా ఆయన ఫొటోకు దండ వేశారు. ఆడవాళ్ళంతా తింటున్నాం. పాప నోరు బిగించుకుని తల తిప్పుతోంది. ముద్ద పట్టుకుని కూర్చున్న యారాలు విసుగ్గా, "తింటవా, చిన్న తాతను పిలువాల్నా?" అంది.

పాప ఫొటో వైపు చూసింది. మా ఆయన దాన్ని భుజాల మీద ఎక్కించుకుని దుకాణమంతా తిప్పేవాడు. ఆగి ఉన్న కారులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారన్ నొక్కించేవాడు. ఆయన వస్తే అది పాలు తాగడం మానేసి పాకుతూ వచ్చేది. అట్లాంటి పిల్ల ఇప్పుడు ఆ ఫొటోను చూసి, చూపు తిప్పుకోలేక, నోరు తెరిచి ముద్ద మింగింది. నమలలేదు కూడా. కింద గౌను తడిసిపోయింది. యారాలు అదేమీ చూడనట్టు ఇంకో ముద్ద పెట్టింది.

నా చేతిలో అన్నం చేతిలోనే ఉండిపోయింది. బావగారు వచ్చి నా విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆయన అట్లా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అమ్మా, రాత్రిళ్ళు లేచి ఏడుస్తున్నది. అబద్ధమాడిన అని ఒక్క మాట చెప్పు. నువ్వు చెప్తే ఆడోళ్ళు ఇంటరు" అన్నాడు.

వింటారు. పదకొండో రోజు నేను అరిచి చెప్పినా వినని ఆడవాళ్ళే, ఇప్పుడు తినడం ఆపి నా నోటి వైపు చూస్తున్నారు. కార్ల పోలేదు, గేటు కాడ దిగి నాతోని మాట్లాడిండు అని అదే మాట మళ్ళీ అంటే చాలు. మా ఆయన మళ్ళీ మా ఆయన అయిపోతాడు. పాప ఫొటో కింద ఆడుకుంటుంది. రేపు పొద్దున బావగారు పరదా తీసి కారుకు చార్జింగు పెడతాడు, నేను డబ్బాలు పట్టుకుని బస్టాండులో నిలబడి ఉండగా నా ముందునుంచే వెళతాడు.

"నేను చూసిందే చెప్పిన బావా" అన్నాను.

పాప ఇంకో ముద్ద మింగింది. బతికినన్నాళ్ళూ ఒక చీమను కూడా భయపెట్టలేని మనిషి మా ఆయన. ఆ ఇంట్లో ఆయన్ను దయ్యాన్ని చేసి కూర్చోబెట్టింది నేనే. బావగారు లేచి వెళ్ళిపోయాక నేను అన్నంలో పప్పు కలుపుకున్నాను.